రసమట్టం పెట్టని చోటు

మా మేడంకు పొగడ్తలంటే పడదు. డిజైన్ కోర్సు మూడో ఏడాదిలో మాకందరికీ ఒక పని అప్పజెబుతూ ముందే తెగేసి చెప్పారు. "పాత చేతిపనుల మీద రాయమంటే మీరేం రాస్తారో నాకు తెలుసు. ఆహా ఆ చేతులు, ఓహో ఆ పనితనం. అవి నాకొద్దు. ఒక మనిషిని పట్టుకోండి. ఆ మనిషి వాడే ప్రతి పనిముట్టునూ చేత్తో పట్టుకుని చూడండి. పొడవెంత, బరువెంత, ఎక్కడ అరిగింది, ఎందుకు అరిగింది. అది రాసుకురండి."

క్లాసులో సగం మంది కుండలు చేసేవాళ్ల వెంట, మిగతా సగం మగ్గాల వెంట పడ్డారు. నేను ఎవరి వెంటా పడలేదు. మా వీధి చివర బూట్ల తాతయ్య ఉండగా నాకెందుకా తిరుగుడు? నా బద్ధకం సంగతి పుట్టినప్పటి నుంచీ తెలిసిన మా అమ్మ, "పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నీకు మాత్రం పెరటి చెట్టే దిక్కు" అంది.

నిజానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. నా ఎడమకాలు కుడికాలి కంటే అంగుళన్నర పొట్టి. పుట్టుకతో వచ్చినది. నాలుగేళ్లప్పటి నుంచి నా బూట్లు తాతయ్యే కుడుతున్నాడు. ఎడమ బూటుకు సగం ఎత్తు లోపల, సగం ఎత్తు అడుగున వచ్చేలా బెండు చెక్క పొరలు అతికించి, పైన తోలు తొడిగి, ఎదుటివాళ్లకు రెండూ మామూలు జతలా కనిపించేట్టు చేస్తాడు. ఆ బూట్లు లేకపోతే నేను బడికి వెళ్లేదాన్ని కాదు, కాలేజీ మెట్లు ఎక్కేదాన్ని అంతకంటే కాదు. అలాంటి మనిషిని వదిలేసి కుండల మీద రాస్తే కళ్లు పోతాయి.

తాతయ్య మాకు చుట్టం కాదు. అమ్మ ఈ వీధికి కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన్ని బాబాయ్ అనీ, ఆయన భార్యను పిన్నీ అనీ పిలిచింది. ఆ పిలుపే స్థిరపడింది. నాకు వాళ్లు తాతయ్య, మామ్మ. కింద రెండు గదుల కొట్టు, పైన వాళ్ల ఇల్లు. కొట్టు ముందు గది వీధిలోకి తెరుచుకుని ఉంటుంది. గడప బయట నల్లరాతి పలక ఒకటి పరిచి ఉంటుంది. బూట్లు కుట్టించుకునేవాళ్లు కుర్చీలో కూర్చుని ఆ రాయి మీద కాగితం వేసి పాదం పెడితే, తాతయ్య చుట్టూ పెన్సిల్ గీస్తాడు.

నేను పుస్తకం, టేపు, వంటింటి తూకం పట్టుకుని వెళ్లేసరికి ఆయన ఎవరిదో బ్యాగు జిప్పుతో కుస్తీ పడుతున్నాడు.

"నా పనిముట్లతో నీకేం పనే?" అన్నాడు.

"పరీక్షకు తాతయ్యా. ఒక్కోదాన్నీ కొలిచి రాయాలి."

"నా సుత్తికి పరీక్షా? అది పాసైపోతుందిలే. నీ సంగతి చూసుకో."

అలా మొదలైంది. వారం రోజుల పాటు మధ్యాహ్నాలు అక్కడే. తోలు కోసే కత్తి ఆయనకు పని నేర్పిన మేనమామ ఇచ్చినది. వచ్చినప్పుడు నాలుగు వేళ్ల వెడల్పు ఉండేదట. రాయి మీద నూరీ నూరీ ఇప్పుడు రెండు వేళ్లకు వచ్చింది. మిగతా రెండు వేళ్లూ ఏమయ్యాయని అడిగితే, "ఊళ్లో వాళ్ల కాళ్ల కింద ఉన్నాయి, వెళ్లి కొలుచుకో" అన్నాడు. తోలుకు చిల్లు పొడిచే ఆరె కర్రపిడి ఆయన అరచేతి గుంటకు సరిపోయేలా ఒకవైపే నున్నగా అరిగింది. నేను పట్టుకుంటే అది నా చేతిలో ఒక పట్టాన నిలవలేదు. తాతయ్య తిరిగి తీసుకోగానే బుద్ధిగా కుదురుకుంది. మెట్ల మీద కూర్చుని ఇదంతా చూస్తున్న మామ్మ, "నా చెయ్యి పట్టుకున్న రోజులకంటే దాని చెయ్యి పట్టుకున్న రోజులే ఎక్కువ. మాట వినక ఏం చేస్తుంది" అంది.

గోడ పొడుగునా అరల్లో చెక్క పాదాలున్నాయి. ఒక్కో జత ఒక్కో మనిషి కాలికి అచ్చు. వాటి మీద పేర్లు రాయడు తాతయ్య. "లావు లాయరు", "రెండో పోస్టుమాన్", "పాటల టీచరు", ఇలా రాసుకున్నాడు. కాలు మారితే అచ్చు మీద తోలుముక్క అంటించి దాన్నీ మారుస్తాడు. పాటల టీచరు బొటనవేలి ఎముక ఏటికేడూ పక్కకు ఉబ్బిందంతా ఆ చెక్క మీద తెలుస్తుంది. ఒక మనిషి వయసును పాదం కింద నుంచి చదవొచ్చని నాకు ఆ వారమే తెలిసింది. ఆవిడ పాట నేనెప్పుడూ వినలేదు కానీ, ఆవిడకు చలికాలంలో ఎక్కడ నొప్పెడుతుందో చెప్పగలను.

ఆ అచ్చులన్నింటి మీదా ఇప్పుడు దుమ్ము. మిషన్ బూట్లు వచ్చాక కుట్టించుకునేవాళ్లు ఒక్కొక్కరే తగ్గారు. తాతయ్య అడుగులు ఊడినవాటికి జిగురు పూస్తాడు, జిప్పులు మారుస్తాడు, గొడుగు పుల్లలు సరిచేస్తాడు. "బూట్ల కొట్టులో బూట్లు తప్ప అన్నీ దొరుకుతాయి" అని మామ్మ ఎత్తిపొడుపు. మొదటి నుంచి చివరి దాకా ఆయన ఇప్పటికీ కుట్టే జత ఊరు మొత్తం మీద ఒక్కటే ఉంది. అది నాది. నా జత మొదలుపెట్టిన రోజున ఉతికిన చొక్కా వేసుకుంటాడు, జిప్పుల బుట్టను బల్ల కిందికి తోసేస్తాడు. "అది రిపేరు. ఇది పని" అంటాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన నడుం కాస్త నిటారవుతుంది. ఏడాదికి ఒక్కసారి వచ్చే ఆ పదిహేను రోజుల కోసమే ఆయన మిగతా ఏడాదంతా జిప్పులు కుడుతున్నాడని మామ్మకూ తెలుసు, నాకూ తెలుసు.

నన్ను కొలిచేది మాత్రం ముందు గదిలో కాదు.

అందరినీ కూర్చోబెట్టి కొలవొచ్చు. నన్ను నిలబెట్టి కొలవాలి. ఉత్త కాళ్లతో నిలబడితే నా నడుం ఎడమవైపుకు ఒరిగిపోతుంది. ఎడమ పాదం కింద పల్చటి చెక్క పలకలు ఒకదాని మీద ఒకటి పెడుతూ పోవాలి. వెనక నుంచి నడుం ఎముకల మీదుగా అడ్డంగా ఒక కర్ర స్కేలు ఆనించి, దాని మీద రసమట్టం పెడతాడు. ఇల్లు కట్టేటప్పుడు గోడ తిన్నగా ఉందా లేదా అని మేస్త్రీలు చూసుకునేది, గాజు గొట్టంలో గాలిబుడగ ఉండేది, అదే. పని మానేసిన ఒక ముసలి మేస్త్రీ తన గుర్తుగా తాతయ్యకు ఇచ్చి వెళ్లాడట. బుడగ నడిమధ్యకు వచ్చిందంటే నా నడుం తిన్నగా ఉన్నట్టు. అప్పటికి కాలి కింద ఎన్ని పలకలున్నాయో అంత ఎత్తు బూటుకు.

నాకు నాలుగేళ్లప్పుడు ఇదంతా గడప ముందు రాయి మీదే చేశాడు. దారిన పోయేవాళ్లు ఆగిపోయారు. వంకరగా నిలబడ్డ పిల్లను చూసి ఒకావిడ నాలుక చప్పరించింది. నేను ఏడుపు లంకించుకుని, ఊపిరి అందక నీలంగా మారానట. ఆ రోజే తాతయ్య వెనక గదికి ఒక గుడ్డ తెర కట్టాడు. తోలు నానబెట్టే తొట్టి ఉండే గది అది. అప్పటి నుంచి నా కొలత ఎప్పుడైనా ఆ తెర వెనకే. ఆ తర్వాత ఊళ్లో నా కాలు ఎంత పొట్టో చూసినవాళ్లు అమ్మ, మామ్మ, తాతయ్య, అంతే. బట్టలు మార్చుకునే గదికి ఎంత మర్యాద ఉంటుందో ఆ గదికి అంత మర్యాద నా దృష్టిలో.

ఎనిమిదో రోజున వెనక గది సామాను రాసుకుంటున్నాను. తాతయ్య తొట్టి కడిగి నీళ్లు ఒంపేశాడు. నీళ్లు గచ్చు మీద జరజరా జారి మూల ఉన్న తూములోకి పోయాయి. ఆయన ఆ వైపు గర్వంగా చూశాడు.

"చూశావా? చుక్క నిలవదు. ఈ గచ్చు నేనే వేశా. గొట్టం పగిలి గదంతా తవ్వాల్సొచ్చినప్పుడు మేస్త్రీ కోసం కాచుక్కూర్చోలేదు. అదీ రాయి."

"బూట్ల మీద రాయమన్నారు తాతయ్యా, గచ్చు మీద కాదు."

"చేతిపనేగా అదీ!"

సరేనని రాశాను. ఆయన ముందు గదిలోకి వెళ్లాక, కిటికీ దగ్గర వెలుతురు బాగుందని కొలత పలకలు నేల మీద పరిచి, వాటి మీద రసమట్టం పెట్టి ఫోటో తీయబోయాను. బుడగ ఒక కొసకు పోయి అతుక్కుంది. పాడైందేమో అనుకున్నాను. తిప్పి పెట్టాను. మళ్లీ కిటికీవైపే పోయింది. బయటికి తీసుకెళ్లి గడప ముందు రాయి మీద పెట్టాను. బుడగ వచ్చి నడిమధ్యన నిలబడింది. మళ్లీ లోపలికి తెచ్చాను.

అప్పుడు నేను బూట్లు విప్పి, ప్రతి ఏడూ నిలబడే చోట, నిలబడే తీరులో నిలబడ్డాను. కుడికాలు కిటికీవైపు. ఎడమకాలు తూమువైపు. ఎడమకాలు ఉండేది పల్లంలో. ఆ పల్లాన్ని కూడా నా కాలి పొట్టితనం కిందే లెక్కేసి, ప్రతి ఏడూ బూటుకు ఎత్తు కలుపుతూ వచ్చాడు. గచ్చు మీద టేపు పెట్టి, పలకలు పేర్చి చూశాను. రెండు పలకలు ఎక్కువ. పావంగుళానికి కాస్త తక్కువ.

గచ్చు వేసింది నాకు పదేళ్లప్పుడు. నడుం కుడివైపు నొప్పి మొదలైంది పదకొండో ఏట. బ్యాగు బరువన్నారు, కూర్చునే తీరన్నారు, ఎదిగే వయసన్నారు. డాక్టరు మాత్రలిచ్చాడు. అమ్మ కాపడం పెట్టింది. బూట్ల మీదికి మాత్రం ఎవరి అనుమానమూ పోలేదు, ఎందుకంటే అవి తాతయ్య కుట్టినవి. రసమట్టం అబద్ధమాడలేదు. ఎక్కడ పెడితే అక్కడి నిజం చెప్పింది. నా నడుం మీద పెట్టాం, నేల మీద పెట్టలేదు. దీపం కిందే చీకటి అంటే ఏమిటో ఆ గచ్చు మీద ఉత్త కాళ్లతో నిలబడి నేర్చుకున్నాను.

కోపం రాలేదంటే అబద్ధం. పదేళ్ల నొప్పి నాది. రాత్రుళ్లు ఒత్తిగిలి పడుకోలేక, అమ్మ లేస్తుందని మూలగకుండా పళ్ల బిగువున ఊరుకున్న నొప్పి. కానీ తెర పక్కకు జరిగి, ముందు గదిలో ఆ మనిషి కళ్లద్దాలు ముక్కు కొసకు దించుకుని జిప్పు పళ్లు లెక్కపెడుతూ కనిపించేసరికి, రసమట్టాన్ని తీసి దాని చోట పెట్టేశాను. ఏమని చెప్పను? ఆయనకు మిగిలిన పని నా బూటు ఒక్కటే. అది తప్పని తెలిస్తే ఆయన దగ్గర ఇంకేం మిగులుతుంది?

నాలుగు రోజులు కుక్కిన పేనులా పడి ఉన్నాను. ఈ ఏటి కొలత దగ్గర పడింది. నాకొక గొప్ప ఉపాయం తట్టింది. నా ఉపాయాలన్నీ గొప్పగానే తడతాయి, అదే నా ఖర్మ.

తాతయ్య ఉతికిన చొక్కా వేసుకుని, పలకలు తుడిచి పెట్టుకుని, "రా తల్లీ" అని తెర ఎత్తాడు. నేను మామూలుగా అన్నట్టే అన్నాను. "ఈసారి కొలవక్కర్లేదు తాతయ్యా. ఎముకల డాక్టరు చూశాడు. కిందటేడు కొలతలో రెండు పలకలు తగ్గించి కుట్టించుకోమన్నాడు."

"డాక్టరా?"

"ఊఁ."

"రెండు పలకలు తగ్గించమన్నాడా?"

"అవును."

"డాక్టర్లు పలకల్లో చెప్పడం ఎప్పట్నుంచి మొదలెట్టారే?"

పప్పులో కాలేశాను. మిల్లీమీటర్లు అనాల్సింది. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కుదామని చూశాను కానీ, నా కళ్లు నా చెప్పుచేతల్లో లేవు. అవి గచ్చువైపు పోయాయి. తాతయ్య కళ్లు నా కళ్ల వెంటే కిందికి దిగాయి. ఏభై ఏళ్లు మనుషుల నిలబడే తీరు చూసి బతికిన మనిషి ఆయన. రసమట్టం తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, నేల మీద పెట్టాడు. చూశాడు. తిప్పి పెట్టి మళ్లీ చూశాడు. తర్వాత నేను నిలబడే చోట అరచెయ్యి ఆనించి, తూము దాకా మెల్లగా నిమురుకుంటూ వెళ్లాడు.

"నీళ్లు పోవాలని నేనే వాలు పెట్టా" అన్నాడు. ఆ మాట నాతో అన్నట్టు లేదు. "నా చేత్తో నేనే పెట్టా."

"ఎంతో లేదు తాతయ్యా, కొంచెమే..."

"నడుం నొప్పా?"

నేను వంగి పలకలు సర్దబోయాను.

"ఎప్పట్నుంచే?"

నేను గచ్చువైపు చూశాను. అదే ఆయనకు జవాబైంది.

లేచి ముందు గదిలోకి వెళ్లాడు. కత్తిని, ఆరెను, ఆకురాయిని ఒక్కొక్కటే గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు. "ఇంత బతుకూ బతికి ఇంటెనక చచ్చినట్టయింది" అన్నాడు. "అమ్మతో చెప్పు, వేరే ఎవరినైనా చూసుకోమని. పసిపిల్ల నడుం విరగ్గొట్టిన చెయ్యి ఇది." నేను పసిపిల్లను కాదు, ఇరవై నిండాయని చెప్పే లోపల షట్టరు దించేశాడు.

మర్నాడూ కొట్టు తియ్యలేదు. ఆ మర్నాడూ తియ్యలేదు. జిప్పులవాళ్లు వచ్చి తలుపు కొట్టి వెళ్లిపోయారు. అమ్మకు విషయం చెబితే ముందు కుర్చీలో కూలబడింది, తర్వాత కళ్లు తుడుచుకుంది, చివరికి, "నువ్వెళ్లి మాట్లాడు. నేనెళ్తే బాబాయ్ నా కాళ్ల మీద పడతాడేమోనని భయంగా ఉంది" అంది.

మూడో రోజు సాయంత్రం పైకి వెళ్లాను. మామ్మ మెట్ల మీదే ఎదురొచ్చి గొంతు తగ్గించి చెప్పింది. "నిన్న గునపం తీసుకుని గచ్చు పగలగొడతానని బయల్దేరాడు. నేను లాక్కుని మంచం కింద దాచా. అప్పట్నుంచి ఆ కిటికీ దగ్గరే. అన్నం సహించడం లేదు. నాతో పోట్లాడటం కూడా మానేశాడే, అదే నాకు దిగులుగా ఉంది."

తాతయ్య కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయేవాళ్ల నడకలు చూస్తున్నాడు. మూడు రోజుల గడ్డం. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

"మీ మేడంకు ఇచ్చేశావా రాసింది?"

"ఇంకా లేదు."

"రసమట్టం గురించి ఏం రాశావు?"

"పొడవు, బరువు. ఇత్తడి మూత సొట్ట పడిందని."

"అంతేనా? నేల మీద పెట్టి చూసుకోలేదని రాయి. పదేళ్లు చూసుకోలేదని రాయి. అది లేకుండా ఇస్తే ఆవిడ నన్ను చూసి దండం పెడుతుంది. నాకొద్దు ఆ దండం."

నాకు ఒళ్లు మండింది. మూడు రోజులుగా ఆయన మీద జాలిపడీ పడీ విసిగిపోయి ఉన్నానేమో, ఆ జాలంతా ఒక్కసారి కోపమై కూర్చుంది.

"నీ ఒక్కడి తప్పని రాయమంటావా? అదేం కుదరదు. నేను నొప్పని చెప్పి ఉంటే ఆ రోజే పట్టేసేవాడివి. చెప్పలేదు నేను."

"ఎందుకు చెప్పలేదే మరి? ప్రతి జతకూ అడిగాగా, ఎక్కడైనా ఇబ్బందిగా ఉందా అని?"

"ఎలా చెప్పను? కొత్త బూట్లు తొడిగి, అక్కడి దాకా నడిచి రమ్మని, నేను తిరిగొచ్చేటప్పుడు నా మొహంలోకి చూస్తావు. ఆ చూపు నువ్వెప్పుడూ చూడలేదు, నేను చూశా. ఆ చూపు చూసినవాళ్లెవరైనా నొప్పెడుతోందని అంటారా?"

తాతయ్య కిందికి చూశాడు. "నువ్వు ఏడవకూడదనే లోపలికి తీసుకెళ్లా" అన్నాడు. "నలుగురూ చూస్తుంటే నీకు ఊపిరాగిపోయింది. ఇంకెప్పుడూ అలా ఏడవకూడదని... ఆ రాయి మీదే కొలిచి ఉంటే..."

"నేను ఏడవకూడదని నువ్వు తెర కట్టావు. నువ్వు బాధపడకూడదని నేను నోరు కట్టుకున్నా. ఇద్దరం కలిసి నా నడుం విరగ్గొట్టాం. ఇందులో నీ ఒక్కడి గొప్పేం లేదు."

మెట్ల దగ్గర మామ్మ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"లే. కిందికి రా" అన్నాను. "కొలువు."

"గచ్చు బాగుచేయందే..."

"గచ్చెవరిక్కావాలి? గడప ముందు, రాయి మీద."

"వీధిలోనా?" ఆయన గొంతులో భయం వినపడింది. "బడి వదిలే వేళే. అందరూ చూస్తారే అమ్మడూ."

"చూడనీ."

అంత తేలిగ్గా అనేశాను కానీ, మెట్లు మాత్రం ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ దిగాను. ఊహ తెలిశాక నేను నలుగురిలో బూట్లు విప్పలేదు. స్నేహితుల ఇళ్లలోనూ ఏదో సాకు చెప్పి గడప బయటే ఉండిపోయేదాన్ని. ఆటల పోటీలనాడు జ్వరం తెచ్చుకునేదాన్ని. బయటపడాల్సింది ఆ గచ్చు వాలు ఒక్కటే కాదు, నా పిరికితనం కూడా.

తాతయ్య షట్టరు ఎత్తాడు. పెట్టె విప్పి, గుడ్డలోంచి రసమట్టం తీసి, ముందు రాయి మీద పొడవునా పెట్టాడు. తిప్పి పెట్టాడు. అడ్డంగా పెట్టాడు. మళ్లీ తిప్పాడు. మామ్మ వెనక నుంచి, "సరిపోయింది, ఇంక రాయిని కూడా నమ్మడు" అంది. నేను బూట్లు విప్పి రాయి మీదికి ఎక్కాను. చల్లగా ఉంది. నడుం ఎడమవైపు ఒరిగిపోయింది. వీధికి వీపు పెట్టి నిలబడొచ్చు. కానీ అదీ తెర కట్టుకున్నట్టే. మొహం వీధివైపే పెట్టాను.

ఆయన నా వెనక మోకాళ్ల మీద కూర్చుని పలకలు పేర్చడం మొదలుపెట్టాడు. మామ్మ కర్ర స్కేలు నా నడుం వెనక ఆనించి పట్టుకుంది. బడి పిల్లలు గుంపుగా వచ్చి ఆగారు. ఎదురింటి మేడ మీద బట్టలు తీస్తున్న మనిషి తీయడం ఆపింది. సైకిలు మీద పోయే ఆయన కాలు కింద పెట్టి మరీ చూశాడు. నా చెవులు వేడెక్కాయి. ఎక్కడ చూడాలో తెలియక వాళ్లనే చూశాను. ఒక బుడ్డది నోట్లో వేలు పెట్టుకుని నా కాళ్లను, నా మొహాన్ని మార్చి మార్చి చూస్తోంది.

కూరగాయల సంచితో పోతున్న ఒక పెద్దావిడ దగ్గరికే వచ్చి నిలబడింది. జాలిగా, మామూలుగా అందరూ అడిగేట్టే అడిగింది. "అయ్యో, ఏమైందమ్మా పిల్ల కాలికి?"

ఈ ప్రశ్నకు చిన్నప్పటి నుంచి మా అమ్మే జవాబు చెప్పేది, నేను ఆమె చీర వెనకకు జరిగేదాన్ని. ఇప్పుడు చీర లేదు, తెర లేదు. నేను నోరు తెరిచేలోపే కింద నుంచి తాతయ్య గొంతు వినిపించింది. వీధి వీధంతా వినేంత పెద్దగా, ఎవరినీ దాక్కోనివ్వని గొంతు.

"పిల్ల కాలికేం కాలేదమ్మా. కొలిచేవాడిది తప్పు. పదేళ్ల నుంచి తప్పు కొలుస్తున్నా. ఇవాళ సరిచేస్తున్నా."

ఆవిడ సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. కానీ వెళ్లిపోలేదు, సరిచేయడం చూడటానికి అక్కడే నిలబడింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరూ చూస్తుండగానే తిరిగాయి, నేను తుడుచుకోలేదు. పడిపోకుండా చెయ్యి వెనక్కి చాపి తాతయ్య భుజం పట్టుకున్నాను. ఆ భుజం వణుకుతోంది. పలకలు సర్దుతున్న చేతులు మాత్రం వణకడం లేదు.

"నొప్పెడుతోందా?" అన్నాడు.

"పెడుతోంది తాతయ్యా" అన్నాను.

"ఎక్కడో చూపించు."

చూపించాను. ఆయన నా పాదం కింద నుంచి ఒక పలక తీసేశాడు.